పొత్తిగుడ్డకి కుట్టు ఉండదు

జ్ఞానాపురంలో తెలుపు కుట్టడమంటే
ముందు బల్ల తుడవడం.
పోర్టులో బొగ్గు దించుతున్నారని
మాకెవరూ చెప్పక్కర్లేదు.
మిషను చక్రం మీద, కత్తెర మీద,
మూత మరిచిన మంచినీళ్ల మీద
సన్నటి నలుపు వచ్చి కూర్చుంటుంది.
గంటకోసారి తుడుస్తాను.
గంటకోసారి వస్తుంది.
ఇద్దరికీ అలవాటే.

డిసెంబరు వచ్చిందంటే నాకు తేదీలుండవు, కొలతలే.
ఇన్నాసమ్మ మనవరాలికి మూడంచెల ఫ్రాకు,
రైల్వే క్వార్టర్స్ టీచరుకి బుట్టచేతుల జాకెట్టు,
సమ్మనసుల వేషాలకి పదకొండు తెల్ల గౌన్లు,
ఇరవైరెండు రెక్కలు.
రెక్కలో అట్టముక్క పెట్టి కుడుతుంటే సూది విరిగి
నోట్లోంచి ఒక మాట జారింది.
ఆగమన కాలంలో అనకూడని మాట.
ఫాదరుగారికి చెప్పుకోవాలి. ఇంకా చెప్పుకోలేదు.

జగదాంబ దగ్గర లేసు కొట్లో నిలబడి
జపమాల మొదలెట్టాను.
మూడో పూస దగ్గర మీటరెంతని అడిగాను,
ఐదో పూసకి బేరం కుదిరింది,
మిగతా పూసలు ఎటు పోయాయో దేవమాతకే తెలియాలి.
ఫోనులో కొవ్వొత్తులు ఊగుతున్నాయి, మంచు కురుస్తోంది,
మంచు ఎప్పుడూ చూడని మా విశాఖ ఎండలో
ఎవరో పంపిన బాలయేసు కన్ను కొడుతున్నాడు.
మార్తమ్మత్త గులాబీ పువ్వుల గుత్తి తిరిగిమ్మని మూడో కబురు.
డాబా ఎక్కి నక్షత్రం కడుతూ మా ఆయన
"వెలుగుతోందేంటే?" అని పైనుంచి కేక.
తలెత్తకుండానే "వెలుగుతోంది" అన్నాను.

అంతే నా క్రిస్మస్సు, చాలా ఏళ్లుగా.
తలెత్తకుండానే వెలుగుతోందనడం.

ఇరవైనాలుగు రాత్రి తొమ్మిదిన్నరకి
బాలశౌరి పరిగెత్తుకొచ్చాడు,
సగం గొర్రెలకాపరి, మీసం ఒకపక్కే ఉంది.
"పిన్నీ, పాకలో బాబుకి గుడ్డ లేదు.
పాతది ఎలకలు కొట్టేశాయి.
సిస్టరుగారు నిన్నడగమన్నారు."
చొక్కా కింద దాచి తెచ్చాడు.
చిటికెనవేలు విరిగిన బొమ్మ.
ఏడాదంతా బీరువాలోనే ఉన్నా
మా అందరికిలాగే నుదుటి మీద బొగ్గు.

ఆర్డర్ల పుస్తకం తిరగేశాను.
ఈ నెల ఎనభైమూడు బట్టలు.
పుట్టినరోజు ఆయనది.
ఆయన కొలతలు ఏ పేజీలోనూ లేవు.

సిగ్గేసింది. టేపు పట్టాను. నెత్తి నుంచి పాదం దాకా జానెడు.
మిగిలిన శాటిన్ ముక్క తీసి సూదిలో తెల్లదారం ఎక్కించాక
ఆ మాట గుర్తొచ్చింది, పొత్తిగుడ్డ.
నా పెద్దదాన్ని చుట్టడానికి మా అమ్మ
తన చీరే చింపింది.
పసివాళ్లకి కొత్తబట్ట గుచ్చుకుంటుంది, కుట్టు ఒత్తుకుంటుంది అంది.
పొత్తిగుడ్డకి దర్జీ అక్కర్లేదు.

మిషను మీంచి కాలు తీశాను.
డిసెంబరులో అది ఊరుకున్న చప్పుడు
మొదటిసారి విన్నాను.
ఉతికి ఉతికి వెన్నలా అయిన నీలం చీర,
కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగాను.
తడిగుడ్డతో నుదురు తుడుస్తుంటే
"నవ్వుతున్నాడు పిన్నీ" అన్నాడు బాలశౌరి.
బొమ్మరా, ఎప్పుడూ అలాగే ఉంటాడు అనబోయి
నా మొహం ఏం చేస్తోందో తెలిసి ఆగిపోయాను.
హార్బరులో ఏదో ఓడ కూత వేసింది.
పిల్లాడి మీసం రెండోపక్క కూడా నేనే దిద్ది పంపాను.

టీచరు జాకెట్టుకి హుక్కులు పడలేదు, తిట్టింది.
పూజకి ఆలస్యంగా వెళ్లి, జుట్టులో దారప్పోగులతో
చెప్పుల దగ్గర నిలబడ్డాను.
ఫాదరుగారి ప్రసంగం సగమే విన్నాను,
నాలుగో సమ్మనసుకి ఎడమ రెక్క వంకర.
కానీ పాకలో గడ్డి మీద
మా ఇంటి నీలం.

రెండింటికి ఇల్లు చేరి డాబా ఎక్కాను.
నక్షత్రం కాగితం మీద అప్పుడే పొర కట్టింది.
మిగిలిన కొంగుతో తుడిచాను.
"వెలుగుతోందా?" కిందనుంచి నిద్రగొంతు.
ఐదు మూలల్లో ఒకటి మాడిపోయింది.
ఈసారి చూసే చెప్పాను,
నాలుగు వెలుగుతున్నాయి.